అల్లుడికి ఎనభై దాటకూడదు

మిక్సింగక్కని ఐసు పెట్టెలో పెట్టి ఉన్నారు. నాకు ముందు అదే మింగుడు పడలేదు. పోయిందన్న బాధ తర్వాత సంగతి. ఐసంటే ఆమెకెంత పగో ఆ ఇంట్లో అందరికీ తెలుసు గదా, ఎట్టా పెట్టినారబ్బా అనిపించింది.

అద్దం కింద అక్క పడుకుని ఉంది, నుదుట ఎప్పటిలాగే కాసంత బొట్టు. పెట్టె అడుగున మోటారు గుర్రుమంటా ఉంది. దండ వేసినాను, దండం పెట్టినాను. ఆ తర్వాత నా చెయ్యి నన్నడక్కుండా కిందికి పోయి, వేళ్ల వెనక వైపు ఆ మోటారుకి ఆనించింది. కాలిపోతా ఉంది. పెట్టెని తెచ్చి గోడకి అంటించి పెట్టినారు, వేడిగాలి బయటికి పోవడానికి దారే లేదు.

"జానెడు ఇవతలికి జరపండయ్యా" అన్నాను.

"చూడండి, ఎంత ప్రేమో! దగ్గరికి జరపమంటుండాడు" అని పక్కనున్న పెద్దాయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

జరిపినారు. కాసేపటికి మోటారు గొంతు తగ్గింది. ప్రేమ కూడా ఉందిలెండి, లేదనను. కానీ ఆ చేతికి ఆ పని నేర్పింది మాత్రం ఆ పడుకున్నామె.

నేను పెళ్లిళ్లకి వీడియో తీసేవాణ్ణి. తీసేది నేను, కోసి అతికించి, పాటలు కలిపి, పెళ్లికూతురి చుట్టూ గులాబీలు రాల్చేది ఆమె. ఆ పనిని మా వైపు మిక్సింగ్ అంటారు, అందుకే ఆమె మిక్సింగక్క అయింది. అసలు పేరు రేషను కార్డుకి తెలిసుంటుంది. కృష్ణపట్నం పోయే రోడ్డు మీద, వాళ్ల నాయన నడిపిన ఐసు ఫ్యాక్టరీ గోడకి ఆనుకుని చిన్న గది ఆమెది. తూర్పు నుంచి సముద్రం ఉప్పు పంపేది, పడమటి నుంచి బొగ్గు లారీలు నుసి పంపేవి. ఈ రెండూ ఆమె కంప్యూటర్‌లోనే వియ్యమందుకునేవి.

ఇంక ఎండ. రోహిణి కార్తెలో మా పక్క ఎండ సంగతి బయటివాళ్లకి చెప్తే కోతలంటారు. పులికాట్‌లో వలేస్తే చేపలు సగం వేగి వచ్చేవి. ఉప్పు ఎటూ పట్టే ఉంటుంది, కారం ఒక్కటి మనం చల్లుకుంటే చాలు. కాకులు ఎగరడం మానుకుని బస్సు నీడలో నడుచుకుంటా నెల్లూరు దాకా పోయేవి. ఒక కాకి ముత్తుకూరులో దిగి ఇంకో బస్సు కోసం నిలబడడం నేను కళ్లారా చూసినా. ఆ ఎండలో, ఆ గదిలో, ఏసీ ఉండేది గానీ దానికి ఓల్టేజీ ఉండేది కాదు. ఊళ్లో మిగతా ఏసీలన్నీ నిద్రపోతేనే అది లేచేది.

కంప్యూటర్ పెట్టెలో బొమ్మల పనంతా నెత్తినేసుకునే పలక ఒకటి ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డంటారు. ఇటుకంత ఉంటుంది, వీపున రెండు ఫ్యాన్లు. అక్క దాన్ని అల్లుడనేది. ఆమెకి కూతుళ్లు లేరు. అయినా అల్లుడే.

"ఇంట్లో అందరికన్నా ఎక్కువ కరెంటు తినేది ఎవడు? వీడు. చిన్న పని చెప్తే వేడెక్కేది ఎవడు? వీడు. కూర్చోబెట్టి విసరకపోతే అలిగి పడుకునేది ఎవడు? అల్లుడు గాక ఇంకెవరు తమ్ముడా!"

తెర మీద ఒక మూల ఎప్పుడూ ఒక అంకె కనపడేది, అల్లుడి వేడి ఎన్ని డిగ్రీలో. ఆమె కన్ను సగం పెళ్లి మీద, సగం ఆ అంకె మీద. ఊరికే కూర్చుంటే నలభై, పనిలో ఉంటే డెబ్బై, అంతవరకు ఆమె ముఖం ప్రశాంతంగా ఉండేది. "ఎనభై దాకా వాడి పని. ఎనభై దాటితే నా పని. తొంభై దాటితే దేవుడి పని" అనేది. తొంభై దాకా పోతే ఆ కార్డు తనంతట తానే నిదానిస్తుంది, ఇంకా పోతే తెర నల్లబడి మొత్తం ఆగిపోతుంది. అది దాని ప్రాణం అది కాపాడుకోవడం. ఒక్కో కార్డుకి ఒక్కో హద్దు ఉంటుందనీ, ఎనభై అయిదు దాకా దిగుల్లేకుండా తోలొచ్చనీ ఎవరో అంటే అక్క ఒప్పుకోలేదు. "ఆ మాట చెప్పినోణ్ణి మా ఊళ్లో ఒక్క మే నెల ఉండి పొమ్మను."

ఎనభై దాటిందంటే లేచేది. పనాపి, కరెంటు తీసేసి, పెట్టె పక్క రేకు ఊడదీసి, గోడలకి వాడే రంగుల బ్రష్షుతో నుసి దులిపేది. ఊదుడు మిషనుతో గాలి కొట్టేటప్పుడు మాత్రం ఫ్యాను రెక్కని వేలితో అదిమి పట్టుకునేది. వట్టిగా గిర్రున తిప్పితే దాని ఇరుసు పాడవుతుందని. చిప్పుకీ దాని మీది లోహపు దిమ్మెకీ మధ్య బూడిదరంగు పేస్టు ఒకటి రాస్తారు, వేడి దిమ్మెలోకి దిగడానికి. మొదట్లో దాన్ని దోసె మీద వెన్న పూసినట్టు దండిగా పూసింది. చుట్టూ కారి, ఉన్న వేడి ఇంకా పెరిగింది. "నాది పెద్ద చెయ్యి తమ్ముడా, పులుసులో చింతపండైనా అంతే" అని దాన్నంతా తుడిచి పెసరగింజంత పెట్టింది. తగ్గింది. పులుసు మాత్రం కడదాకా తగ్గలేదు.

ఆ వేళ్ల వెనక వైపు ఆనించి చూసే అలవాటు ఒక్క కంప్యూటర్‌తో ఆగిపోయుంటే బాగుండేది. నా కెమెరా బ్యాటరీకి ఆనించేది, పాల గిన్నెకి ఆనించేది, వచ్చినవాళ్ల మెడకి కూడా ఆనించేది. ఒకసారి ఒక పెళ్లికూతురి నాయన రంకెలేసుకుంటా వచ్చినాడు.

"ఏందమ్మా ఇది? ఇంత సినిమా తీస్తిరి, మా బామ్మర్ది ఒక్క బొమ్మలో లేడే! ఆయన నాలుగు రోజుల్నించి అన్నం తినడంలా!"

అక్క లేచి, తాపీగా ఆయన మెడకి వేళ్లు ఆనించి, "ఎనభై అయిదు. కూర్చో అన్నా, ఆ ఫ్యాను కింద" అంది.

"ఎనభై అయిదేంది?"

"డెబ్బైకి దిగినాక చెప్తా."

ఆయన ఏం చెయ్యాలో తెలీక కూర్చున్నాడు. కాస్త చెమటారినాక అక్క గొంతు తగ్గించి అంది: "నీ బామ్మర్ది ముహూర్తం టయానికి వంటశాల వెనకాల ఉండాడు. సీసా ఒక చేతిలో, గారె ఒక చేతిలో. మా తమ్ముడు అది కూడా తీసినాడు. వేసెయ్యమంటే వేసేస్తా. పాట కూడా మంచిది చూసి పెడతా."

ఆయన నలభైకి దిగి, మజ్జిగ తాగి, నమస్కారం పెట్టి పోయినాడు.

ఐసు పగ సంగతి చెప్పాలి. మా సముద్రం పక్కన ఏది చెడిపోతున్నా ఒకటే వైద్యం: ఐసెయ్యి. చేపకి ఐసు, బెణుకుకి ఐసు, జ్వరానికి ఐసు. దానికితోడు ఈమె ఐసు ఫ్యాక్టరీ బిడ్డ. మొదటి కార్డు కొన్న ఎండాకాలం, అల్లుడు ఎనభై ఎనిమిదిలో ఆడుతుంటే, గోడవతల నుంచి ఒక దిమ్మె తెప్పించింది. చితక్కొట్టి, చేపలు పెట్టే తెల్ల థర్మాకోల్ పెట్టెలో నింపి, కంప్యూటర్ ముందర పెట్టి, వెనక నుంచి టేబుల్ ఫ్యాను తిప్పింది. అంకె దిగింది. అరవై! ఆ సాయంత్రం వీధి వీధంతా ఆమె బోండాలు తిన్నది. "కంపెనీలోళ్లకి తట్టలేదు చూడు! ఐసు కొట్లో పుట్టుండాలి దీనికి" అని నాకు ఇంకో రెండు ఎక్కువ పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. సముద్రపు గాలి తడితడిగా లోపలికొచ్చింది. చల్లనీళ్ల చెంబుకి బయట చెమట పడుతుంది చూడండి, అట్టా ఆ చల్లబడ్డ కార్డు మీద నీళ్లు పట్టినాయి. కరెంటొచ్చింది. అక్క మీట నొక్కింది. టప్‌మని ఒక్క శబ్దం, కాలిన వాసన. అల్లుడు మరి లేవలేదు.

ఆమె ఏడవలేదు. దాన్ని మేకుకి తగిలించి, కుంకుమ బొట్టు పెట్టి, ప్లాస్టిక్ చేమంతుల దండ వేసింది. వచ్చినవాళ్లు అదేంది అంటే "మా పెద్దల్లుడు. జలుబు చేసి పోయినాడు" అనేది. ఆ తర్వాత కొన్నది చిన్నల్లుడు. వాడి గదిలోకి ఐసు కాదు గదా, ఐసుముక్క వేసిన గ్లాసు కూడా గడప దాటి రానిచ్చేది కాదు.

కామాక్షమ్మ వచ్చింది ఆ చిన్నల్లుడి కాలంలో. అక్క వాళ్ల ఊరే. మొగుడు వేటకి పోయి తుఫానులో తిరిగి రాలేదు. అప్పటికి కొడుకు కడుపులో ఉన్నాడు. ఉన్న ఒక్క ఫొటో గుడిసెలోకి నీళ్లొచ్చినప్పుడు తడిసి, సరిగ్గా ముఖం దగ్గరే తెల్లబోయింది. ఇప్పుడా కొడుక్కి పెళ్లి. ఆమె కొంగులో చుట్టుకొచ్చింది ఒక పాత వీడియో క్యాసెట్టు, ఎప్పుడో ఆమె ఆడబిడ్డ పెళ్లిది.

"ఇందులో ఆయన ఉండాడు వదినా. వడ్డన కాడ. వాడు వాళ్ల నాయన ముఖం చూడలా. పెళ్లిలో ఆ పెద్ద తెర పెడతారంట గదా, దాంట్లో ఆయన్ని చూపించు. పిల్లా పిలగాడూ ఆయనకే దండం పెట్టుకుంటారు. వట్టి కుర్చీకి పెట్టొద్దు."

నెల్లూరంతా గాలించి, క్యాసెట్టు తిప్పే పాత మిషనొకటి సంపాదించి, బూజు తుడిచి నేను దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించినాను. ఉన్నాడు. పంక్తి చివర నుంచి సాంబారు బక్కెట్టుతో వస్తా, వీడియో లైటు ముఖాన పడగానే తిరిగి, నవ్వుతాడు. నాలుగు క్షణాలు ఉంటుందేమో. ముఖం బొటనవేలి గోరంత, అదీ ఆవిరి పట్టిన అద్దంలో చూసినట్టు.

ఇట్టాంటి బొమ్మల్ని సాపు చేసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు వచ్చినాయి. మసకలో ఏముండొచ్చో అవే ఊహించి నింపుతాయి. ఎంత గట్టిగా ఊహించమంటే కార్డు అంత గట్టిగా మండుతుంది. అక్క అన్నిటికన్నా పైమెట్టు మీద పెట్టింది. నేను అంకె చూసినా. ఎనభై రెండు. ఎనభై ఆరు.

"అక్కా, నీ పనికొచ్చింది" అన్నాను.

"తెలుసులే."

ఎనభై తొమ్మిది. తొంభై మూడు. తెర నల్లబడింది. చల్లార్చి, మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ నల్లబడింది. తన రూలు తనే తప్పడం ఆమె దగ్గర నేను మొదటిసారి చూసినాను. "పెళ్లి ఎల్లుండి తమ్ముడా. ఎవరో పోజులకి అడిగింది కాదు ఇది" అని రేకు తీసేసి, కిటికీలు తెరిచి, పెద్ద ఫ్యానుని పెట్టె మూతి ముందర పెట్టింది. ఎదురుగా గోడకి పెద్దల్లుడు దండతో చూస్తా ఉన్నాడు.

ఇంతలో కామాక్షమ్మ. కంప్యూటర్‌కి వేడి చేసిందని ఎవరో చెప్పినారంట. గోనెసంచిలో సగం దిమ్మె ఐసు నెత్తిన పెట్టుకుని, నీళ్లు కారతా గుమ్మంలో నిలబడింది.

అక్క కుర్చీ తన్నేసి లేచింది. "మే కామాక్షీ! ఆడనే ఆగు! గడప దాటినావంటే నీ కొడుకు పెళ్లి ఆపేస్తా!"

"ఐసే గదా వదినా, బాంబా?"

"ఆ గోడ మీది వాణ్ణడుగు, ఐసో బాంబో!"

ఆ ఐసంతా బయట వేపచెట్టు కింద పగలగొట్టి, గూడూరు నిమ్మకాయలు పిండి, వీధి పిల్లకాయలకంతా షర్బత్ పోసినాము. కామాక్షమ్మ మాత్రం తాగలేదు. ఊరికే కూర్చోలేక అల్లాడిపోతుంటే అక్క ఒక విసనకర్ర చేతికిచ్చి, "ఇదో, ఇక్కడ కూర్చుని వీడికి విసురు" అంది. పెద్ద ఫ్యాను పక్కన ఆ విసనకర్ర ఏ మూలకి? అక్కకి తెలుసు. అయినా గంటకొకసారి అంకె చూసి, "నువ్వు విసిరినాక ఒకటి దిగింది మే" అని అబద్ధం చెప్పేది. ఆ అబద్ధం మీద ఆమె సాయంత్రం దాకా విసిరింది.

అయింది. అక్క మీట నొక్కి ఆడించింది. అబ్బ! ఒక్కో మీసం వెంట్రుక లెక్కపెట్టొచ్చు. కళ్లలో లైటు మెరుస్తా ఉంది, పలువరస ముత్యాలు. సినిమావాడు కూడా ఓడిపోవాలి. నేను చప్పట్లు కొట్టినాను. అక్క కుర్చీలో వెనక్కి వాలి, చెవులదాకా నవ్వుకుంటా, కామాక్షమ్మ వైపు చూసింది.

కామాక్షమ్మ విసరడం ఆపి చూసింది. ఇంకోసారి వెయ్యమంది. చూసింది.

"ఎవరు వదినా ఈయన?"

అక్క కుర్చీలో ముందుకి వంగింది.

"మీ ఆయన మే!"

"ఆయనకి ముందరి పన్ను సగమే ఉండేది. వల ముడులు పంటితో పీకి పీకి విరగ్గొట్టుకున్నాడు. నవ్వితే ఆడ నల్లగా ఉంటాది. ఈయనకి అన్ని పళ్లూ ఉండాయి. బాగుండాడు. ఆయన కాదు."

"పైకి పోయినాక ఎవరైనా పన్ను కట్టించినారేమోలే కామాక్షమ్మా" అన్నాను నేను, నా నోరు ఊరుకోదు గదా. అక్క నన్ను కాల్చేసేలా చూసింది. కామాక్షమ్మ ముందు నా వైపు తెల్లబోయి చూసి, తర్వాత పక్కుమని నవ్వి, ఆ నవ్వు పూర్తి కాకముందే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అక్కకి రోషం వచ్చింది, నాకు తెలుసు. అంత చేసి, అంత మండించి, ఆఖరికి ఇదా అని. తర్వాత పాత బొమ్మనీ కొత్త బొమ్మనీ పక్కపక్కన పెట్టి, తెరకి ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది. పాతదాంట్లో ఉంది. నువ్వుగింజలో సగం ఉంటుంది ఆ నలుపు. క్యాసెట్టు మచ్చ అనుకుని సాఫ్ట్‌వేరు దాన్ని తుడిచేసి, పన్ను మొలిపించింది.

"మరీ గట్టిగా అడిగితే వీడు లేనిది కూడా చెప్పేస్తాడు తమ్ముడా" అంది నెమ్మదిగా. "అడిగింది మనమే."

మళ్లీ మొదలుపెట్టబోతే తెర మీద ఆకుపచ్చ చుక్కలు, అక్కడా ఇక్కడా. చిన్నల్లుడికి దెబ్బ తగిలింది. అంత వేడిలో అంతసేపు తోలినందుకు. ఇంకొక్కసారి ఎనభై చూస్తే వాడూ గోడెక్కుతాడని మా ఇద్దరికీ తెలుసు. వాడు పోతే ఆ నాలుగు క్షణాలు కూడా లేవు. ఎల్లుండి లోపల ఇంకో కార్డు దొరికే మాటా లేదు.

అక్క కార్డుకి అందే పవరు బాగా తగ్గించింది, వేగం తగ్గించింది. ఊహించే పనంతా తీసేసి, గీతలు తుడిచి కాస్త వెలుగు పెంచడం వరకే పెట్టింది. అంకె అరవై రెండు దగ్గర నిలబడింది. ఆకుపచ్చ చుక్కలు పోయినాయి. ఎద్దుబండిలాగా సాగింది పని. అక్క వేళ్లు పెట్టె మీదనుంచి తియ్యలేదు, జ్వరమొచ్చిన బిడ్డ పక్కన కూర్చున్నట్టు. మిగతా క్యాసెట్టంతా వదిలేసినాము. ఆ నాలుగు క్షణాలే.

వచ్చింది. మసకే. మీసం ఒక మరక, కళ్లు రెండు నీడలు. నవ్వినప్పుడు మాత్రం ముందర నువ్వుగింజంత నలుపు.

"ఆ, ఈయన" అంది కామాక్షమ్మ. "ఇదో, ఇప్పుడు వచ్చినాడు."

పెళ్లి వాళ్ల వీధిలోనే, సముద్రానికి అడ్డంగా వేసిన షామియానాలో. పొద్దున్నే ముహూర్తం. అక్క పట్టుచీర కట్టుకుని వచ్చి, పెళ్లికొడుకు వైపు చుట్టంలాగా తిరక్కుండా, తెర నడిపే అతని పక్కనే స్టూలేసుకుని కూర్చుంది. పెద్దలకి దండం పెట్టుకునే టయానికి ఆయన్ని తెరమీదికి వదిలింది. ఇంత ఎత్తు మనిషి, మసకమసగ్గా, బక్కెట్టుతో వస్తాడు, తిరిగి నవ్వుతాడు, అయిపోతుంది. మళ్లీ వస్తాడు, తిరిగి నవ్వుతాడు. పెళ్లికొడుకు పీటల మీదనుంచి లేచి, తలెత్తి, నోరు తెరుచుకుని అట్టానే నిలబడిపోయినాడు. పంతులుగారు కూడా తొందరపెట్టలేదు.

కామాక్షమ్మ వెనక వరస ఆడవాళ్లలో నుంచి ముందుకొచ్చింది. తెర దగ్గరికి పోయి, పైకి చూసి, ఇంట్లో మాట్లాడుకున్నట్టే అంది:

"ఇంక ఆ బక్కెట్టు దించయ్యా. ఈ పొద్దు నువ్వు పెళ్లికొడుకు నాయనవి. వడ్డించేదానికి వేరేవాళ్లు ఉండారు."

నేను కెమెరా కన్ను నుంచి చూస్తున్నా కాబట్టి నాకు అక్క కనపడింది. తెర నడిపే అతని చేతిలోనుంచి మౌసు లాక్కుంది. నవ్వు దగ్గర బొమ్మని ఆపింది. తర్వాత ముఖాన్ని పెద్దది చేసుకుంటా పోయింది. పెద్దది చేసేకొద్దీ ఇంకా మసకబారింది, చదరాలు చదరాలుగా విడిపోయింది, ఆమె లెక్క చెయ్యలేదు. సాంబారు బక్కెట్టు తెర అంచుదాకా జారి, అంచు దాటి, బయటికి పోయింది.

పెళ్లికూతురూ పెళ్లికొడుకూ వంగినారు.